కంపైలర్ టెస్టులు ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అవుతుంటే: దొంగని పట్టేదెలా

రాత్రి మేక్ చెక్ (టెస్టులన్నీ నడిపే కమాండ్) పెట్టి పడుకున్నారు, పొద్దున లేచి చూస్తే అన్ని వేల టెస్టుల్లో మూడు ఫెయిల్. కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోకుండా మళ్లీ రన్ చేస్తే ఆ మూడూ పాస్ అయిపోయాయి, నిన్న బుద్ధిగా ఉన్న ఇంకోటి ఫెయిల్ అయింది. ఇలాంటప్పుడు అందరం చేసేది ఒకటే కదా, పచ్చగా కనపడేదాకా రీరన్ కొడుతూ కూర్చోవడం. నేనూ చాలా కాలం అదే చేశా. వేరే సాఫ్ట్‌వేర్ సంగతేమో గానీ కంపైలర్ (మనం రాసిన ప్రోగ్రామ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చేది) దగ్గర మాత్రం ఇది చేటు, ఎందుకంటే ఒకే ఫైల్ ఇస్తే ఒకే కోడ్ ఇవ్వడం కంపైలర్ కనీస ధర్మం, ఆ ధర్మం తప్పుతోందా లేక పాపం కంపైలర్ మంచిదే, మెషీనో టెస్టో దొంగాట ఆడుతోందా అన్నది తేలకుండా రీరన్ కొడితే రేపు మీ కంపైలర్ వాడేవాళ్ల ప్రోగ్రాములు తప్పు కోడ్‌తో బయటికి పోతాయి.

కింద చెప్పేది ఎక్కువగా జీసీసీ, ఎల్ఎల్‌వీఎమ్ అనే పెద్ద కంపైలర్లని బిల్డ్ చేసేవాళ్లకి, అంటే సోర్స్ నుంచి తయారుచేసుకునేవాళ్లకి, పనికొస్తుంది, సొంతంగా చిన్న కంపైలర్ రాసుకునేవాళ్లకి కూడా. కమాండ్లు పలికినట్టే రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు మామూలుగా కొట్టే రూపంలోనే కొట్టుకోండి.

1. రీరన్ నొక్కేముందు లాగ్ పక్కన దాచుకోండి

చిన్న పనే, కానీ ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. జీసీసీలో టెస్టులు నడిపితే బిల్డ్ ఫోల్డర్‌లో టెస్ట్‌సూట్ కింద డాట్ సమ్, డాట్ లాగ్ అని రెండు ఫైళ్లు పడతాయి. సమ్‌లో పాస్, ఫెయిల్ లిస్టు మాత్రమే ఉంటుంది, లాగ్‌లో అయితే ఏ కమాండ్ నడిచింది, అది ఏం కక్కింది అంతా ఉంటుంది. మళ్లీ రన్ చేశారంటే దాని మీద కొత్తది పడుతుంది, అంటే ఆరు గంటలకొకసారి కనపడే ఫెయిల్‌కి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని మీ చేత్తో మీరే చెరిపేసినట్టు. ఎల్ఎల్‌వీఎమ్‌లో లిట్ (దాని టెస్టులు నడిపే టూల్) నడుపుతుంటే మైనస్ వీ పెట్టుకోండి, లేకపోతే ఫెయిలైన టెస్టు పేరు చెప్పి ఊరుకుంటుంది, ఎందుకో చెప్పదు.

లాగ్‌తో పాటు ఇంకొన్ని కూడా అదే ఫోల్డర్‌లోకి తోసెయ్యండి: ఏ కమిట్ (గిట్‌లో కోడ్ ఏ వెర్షన్), ఏ కంపైలర్‌తో బిల్డ్ చేశారు, జే (ఒకేసారి నడిపే పనుల సంఖ్య) ఎంత పెట్టారు, ఆ టైమ్‌లో మెషీన్ లోడ్ ఎంత, ర్యామ్ ఎంత మిగిలింది, టెంప్ ఫోల్డర్ ఉన్న డిస్క్‌లో ఖాళీ ఎంత, డీమెసేజ్ (కెర్నల్, అంటే ఓఎస్ అసలు భాగం, వేసే మెసేజ్‌లు చూపించే కమాండ్) చివరి రెండొందల లైన్లు. ఇదంతా చేతితో చేస్తే రెండో రోజే బద్ధకం వచ్చేస్తుంది కాబట్టి ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ రాసి ఫెయిల్ వచ్చినప్పుడల్లా అదే నడిచేలా పెట్టండి.

2. ఫెయిల్ అంటే ఏ ఫెయిల్? ఎగ్జిట్ కోడ్ చూడండి

ఎర్రగా కనపడిందల్లా ఒకటే రోగం కాదు. షెల్‌లో ఒక ప్రోగ్రామ్ సిగ్నల్‌తో (ఓఎస్ ద్వారా వచ్చే హెచ్చరికతో) చస్తే ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు ఇచ్చే నంబర్) 128కి ఆ సిగ్నల్ నంబర్ కలిపి వస్తుంది. 139 వస్తే సిగ్నల్ 11, అంటే సెగ్మెంటేషన్ ఫాల్ట్, తనది కాని మెమరీని ముట్టుకుంది. 137 వస్తే సిగ్నల్ 9, ఎవరో బలవంతంగా చంపేశారు, చాలాసార్లు ఆ ఎవరో మీ కెర్నలే. 134 అంటే సిగ్నల్ 6, అబార్ట్, అంటే లోపల ఏదో అసర్ట్ (ఇది నిజమై తీరాలి అని కోడ్‌లో పెట్టుకున్న తనిఖీ) పేలింది. 124 అంటే టైమౌట్ కమాండ్ కింద నడుస్తూ టైమ్ అయిపోయింది. ఇవేవీ కాకుండా మామూలుగా 1 వచ్చి, అనుకున్న అవుట్‌పుట్‌కీ వచ్చినదానికీ తేడా ఉందంటే అసలు సరదా అక్కడ మొదలవుతుంది, దాని గురించి ఆరో మెట్టులో.

జీసీసీ టెస్టులు డెజాగ్నూ అనే టెస్ట్ రన్నర్ మీద నడుస్తాయి, దాని లాగ్‌లో ప్రోగ్రామ్ టైమ్డ్ అవుట్ అనే వార్నింగ్ ఉందేమో వెతకండి, అన్‌రిజాల్వ్‌డ్ అని ఉంటే ఆ టెస్టు అసలు చివరిదాకా నడవలేదనే అర్థం, దాన్ని తప్పు కోడ్ ఖాతాలో వెయ్యకండి.

3. మెషీన్‌ని అనుమానించండి, సిగ్గుపడకండి

హార్డ్‌వేర్ మీద నెపం నెట్టడం చేతకానివాడి పని అని మనకొక నమ్మకం. కానీ కంపైలర్ బిల్డ్ అంటే అన్ని కోర్లూ గంటల తరబడి నూటికి నూరు శాతం మీద ఉంటాయి, ర్యామ్ మొత్తం పాయింటర్లతో (మెమరీ అడ్రస్‌లతో) నిండిపోయి ఉంటుంది, ఒక్క బిట్ తిరగబడినా పాయింటర్ ఎక్కడికో పోయి సెగ్‌ఫాల్ట్ అవుతుంది. వీడియో చూస్తున్నప్పుడు ఒక బిట్ పోతే ఒక చుక్క రంగు మారుతుంది, ఎవరికీ తెలియదు. ఇక్కడ అలా కాదు. అందుకే జీసీసీ బిల్డ్ చెయ్యడాన్నే మెమరీ టెస్టులా వాడేవాళ్లు ఎప్పట్నించో ఉన్నారు.

గుర్తు పట్టడం తేలికే. ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్ (కంపైలరే కూలిపోవడం) ప్రతిసారీ వేరే వేరే ఫైల్లో, వేరే వేరే లైన్లో వస్తోంది, అదే కమాండ్ మళ్లీ కొడితే సాఫీగా అయిపోతోంది అంటే తొంభై పాళ్లు మెషీనే. జీసీసీలోనే ఒక మెసేజ్ ఉంది, క్రాష్ అయ్యాక తనే మళ్లీ ప్రయత్నించి, అది మళ్లీ రాకపోతే ఈ బగ్ రీప్రొడ్యూస్ కావట్లేదు, హార్డ్‌వేర్ గానీ ఓఎస్ గానీ సమస్య అయ్యుండొచ్చు అని చెబుతుంది. అది కనపడితే చదివి వదిలెయ్యకండి.

ఇది పాతకాలం కబురు కూడా కాదు. 2017లో మొదటి తరం రైజెన్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు లినక్స్ మీద జే పెంచి కంపైల్ చేస్తుంటే సెగ్‌ఫాల్ట్‌లు వచ్చాయి, జనం జీసీసీని లూప్‌లో బిల్డ్ చేస్తూ దాన్ని బయటపెట్టారు, ఆ ఏడాది ఆగస్టులో ఏఎమ్‌డీ కూడా సమస్య ఉన్నట్టు ఒప్పుకుంది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లకి వోల్టేజ్ గొడవ, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చారు.

నా సంగతి చెప్తా. మూడు రోజులు ఒక ఆప్టిమైజేషన్ పాస్‌ని (కోడ్‌ని మెరుగుపరిచే ఒక దశ, టెస్టు పాస్ కాదు) అనుమానిస్తూ కూర్చున్నా, ప్రింట్లు పెట్టా, పాస్ తీసేసి చూశా, తీసేస్తే పోయింది కూడా, ఇంకేం దొరికిపోయింది అనుకున్నా. తీరా చూస్తే పాస్ తీసేసినందువల్ల వాడే మెమరీ తగ్గి ఆ పాడైన ర్యామ్ ముక్క దాకా పోవట్లేదు, అంతే. మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) పెట్టిన ఇరవై నిమిషాలకి ఎర్రగా లైన్లు పడ్డాయి.

కాబట్టి రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టండి, ఓవర్‌క్లాక్ ఉంటే తీసెయ్యండి, ర్యామ్‌కి బయాస్‌లో పెట్టిన స్పీడ్ ప్రొఫైల్ ఉంటే అదీ ఆపండి (అదీ ఓవర్‌క్లాకే, ఎవరూ అలా అనుకోరు గానీ), డీమెసేజ్‌లో మెషీన్ చెక్ అన్న మాట ఉందేమో వెతకండి. అన్నిటికంటే సులువైన పరీక్ష ఇంకోటుంది, అదే కమిట్‌ని వేరే మెషీన్‌లో నడపడం. అక్కడ కూడా అదే టెస్టు అప్పుడప్పుడు ఫెయిల్ అవుతుంటే హార్డ్‌వేర్‌ని వదిలెయ్యొచ్చు.

జీసీసీ వాళ్లకి ఇంకో మాట. మామూలు బూట్‌స్ట్రాప్‌లో (కంపైలర్ తనని తానే కంపైల్ చేసుకోవడంలో) మూడు స్టేజ్‌లుంటాయి కదా, సిస్టమ్‌లో ఉన్న కంపైలర్‌తో మొదటిది, దాంతో రెండోది, ఆ రెండోదాంతో మూడోది, చివర్లో రెండు, మూడు స్టేజ్‌ల ఆబ్జెక్ట్ ఫైళ్లు ఒకటేనా అని పోలుస్తుంది. ఆ పోలిక ఒకరోజు తప్పి ఒకరోజు నెగ్గుతోందంటే మెషీన్ పాడైనా కావాలి, కంపైలర్‌కి నిలకడ లేకపోయినా కావాలి, టెస్టుల గొడవ దాకా పోకుండా ముందు అది తేల్చుకోండి.

4. మెషీన్ మంచిదే కానీ ఊపిరాడట్లేదేమో

137 వచ్చిందంటే డీమెసేజ్‌లో అవుట్ ఆఫ్ మెమరీ అని ఉంటుంది చూడండి, కింద చచ్చిన ప్రాసెస్ పేరు కూడా ఉంటుంది. డీబగ్ బిల్డ్‌లో ఎల్ఎల్‌వీఎమ్ లింక్ చేస్తుంటే ఒక్కో లింకర్ (ముక్కలన్నీ కలిపి ఒక ప్రోగ్రామ్ చేసేది) కొన్ని జీబీలు తింటుంది, పదహారు కోర్లున్నాయి కదా అని పదహారు లింకులు ఒకేసారి పెడితే ఏ మెషీన్ తట్టుకుంటుంది? నింజాతో (మేక్ లాంటి బిల్డ్ టూల్) అయితే లింక్ జాబ్‌లకి విడిగా లిమిట్ పెట్టే సీమేక్ (బిల్డ్ సెట్ చేసే టూల్) ఆప్షన్ ఉంది, ఎల్ఎల్‌వీఎమ్ పారలల్ లింక్ జాబ్స్ అని, దాన్ని రెండో మూడో పెట్టుకోండి.

టైమౌట్‌లు కూడా ఈ కోవలోవే. జీసీసీ టెస్టుల్లో ఒక్కోదానికి మామూలుగా 300 సెకన్ల గడువు ఉంటుంది. ఖాళీ మెషీన్‌లో నలభై సెకన్లలో అయిపోయే టెస్టు, లోడ్ నలభై ఉన్నప్పుడు ఆ గడువు దాటెయ్యొచ్చు. దీనికి మందు గడువు పెంచడమే అనుకోకండి, ముందు జే సగానికి తగ్గించి చూడండి. నిజంగా బరువైన టెస్టే అయితే దానికి మాత్రం డీజీ టైమౌట్ ఫ్యాక్టర్ అన్న డైరెక్టివ్ పెట్టొచ్చు. లిట్‌లో మీరు పెట్టకపోతే గడువే ఉండదు, ఒక టెస్టు వేలాడితే రన్ మొత్తం వేలాడుతుంది, కాబట్టి అక్కడ తిరగేసి గడువు పెట్టుకోవాలి.

థ్రెడ్ టెస్టులు (జీసీసీలో థ్రెడ్లు నడిపే లైబ్రరీ లిబ్‌గాంప్ లాంటివి), జీడీబీ అనే డీబగ్గర్‌ని పిలిచే టెస్టులు, స్లీప్ పెట్టి ఈలోగా వేరే పని అయిపోయి ఉంటుందిలే అని నమ్మే టెస్టులు, ఇవి లోడ్ మీద మొదట పడిపోతాయి. మొన్నెప్పుడో రాసిన టెస్టులో స్లీప్ ఒకటి అని కనపడితే దొంగ దాదాపు దొరికినట్టే.

కంటెయినర్‌లోనో క్రూట్‌లోనో (మిగతా సిస్టమ్ నుంచి వేరు చేసిన చోట్లు) నడుపుతుంటే ఇంకో చిత్రం ఉంది. డెజాగ్నూ కింద ఎక్స్‌పెక్ట్ (మనిషి బదులు ప్రోగ్రాములతో మాట్లాడే టూల్) ఉంటుంది, దానికి సూడో టెర్మినల్స్ (పీటీవైలు) కావాలి. డెవ్ పీటీఎస్ సరిగ్గా మౌంట్ కాకపోతే సిస్టమ్‌లో పీటీవైలు లేవు అంటుంది, అప్పుడు అన్నీ ఫెయిల్, అది తెలిసిపోతుంది. లిమిట్ తక్కువుండి జే ఎక్కువుంటేనే అప్పుడొకటి అప్పుడొకటి పోతుంది, అది తెలియదు. అలాగే స్టాక్ లిమిట్: లినక్స్‌లో మామూలుగా 8 ఎంబీ ఉంటుంది, లోతుగా రికర్స్ అయ్యే పార్సర్ టెస్టులు దాని అంచున నడుస్తుంటాయి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కూడా స్టాక్ మీదే కూర్చుంటాయి కాబట్టి ఒక టెర్మినల్లో పాసై ఇంకో టెర్మినల్లో ఫెయిలవడం వింతేం కాదు. యూలిమిట్ మైనస్ ఎస్ పెంచి చూస్తే ఒక నిమిషంలో తేలిపోతుంది.

5. ఎన్నింట ఒకటి? ముందు లెక్క తేలాలి

ఇది వదిలేసి ముందుకెళ్తే తర్వాత చేసే పనంతా చీకట్లో బాణాలే. ఫెయిలయ్యే ఆ ఒక్క టెస్టునే లూప్‌లో రెండొందల సార్లు నడపండి, ఎన్ని ఫెయిల్ అయ్యాయో రాసుకోండి. లిట్‌లో అయితే ఫిల్టర్ ఆప్షన్‌తో, జీసీసీలో రన్‌టెస్ట్‌ఫ్లాగ్స్‌లో ఆ డాట్ ఈఎక్స్‌పీ పేరు, ఫైల్ పేరు ఇచ్చి ఒక్కదాన్నే నడపొచ్చు. ఇంకా మంచిది, లాగ్ లోంచి అసలు కమాండ్ తీసుకుని టెస్ట్ రన్నర్ లేకుండా నేరుగా నడపడం.

ఇరవైకి ఒకటి ఫెయిల్ అవుతోంది అనుకోండి. మీరేదో మార్చి పదిసార్లు నడిపితే పదీ పాస్, బాగయిపోయింది అని కమిట్ పెట్టేస్తారు. కానీ ఏమీ మార్చకపోయినా ఆ పదీ పాసయ్యే అవకాశం 60 శాతం ఉంది! అరవై సార్లు నడిపి ఒక్క ఫెయిల్ కూడా రాకపోతే అప్పుడు ఆ అవకాశం 5 శాతం లోపుకి వస్తుంది. గుర్తుంచుకోడానికి తేలిక లెక్క: ఎన్నింట ఒకటో దానికి మూడింతలు నడపాలి. వందకి ఒకటైతే మూడొందలు.

ఇంకో లెక్క కూడా చూడండి, ఒక్కో టెస్టు లక్షకి ఒక్కసారే తప్పినా, అలాంటివి అయిదు వేలుంటే ప్రతి ఇరవై రన్‌లలో దాదాపు ఒక రన్ ఎర్రగా ఉంటుంది. అందుకే పెద్ద సూట్‌లలో ఏదీ ప్రత్యేకంగా చెడ్డది కాకపోయినా రోజూ ఏదో ఒకటి పోతూ ఉంటుంది.

ఒంటరిగా రెండొందల సార్లు నడిపినా ఒక్కటి కూడా ఫెయిల్ కాలేదా? మంచి కబురే. అంటే గుంపులో ఉంటేనే పోతోంది. మొత్తం సూట్‌ని జే 1తో ఒకసారి, నిండుగా ఒకసారి నడిపి చూడండి. జే 1లో ఎప్పుడూ రాకపోతే రెండు టెస్టులు దేనికోసమో కొట్టుకుంటున్నాయి. ఎక్కువసార్లు అది ఫైలే. రెండు టెస్టులూ ఒకే ఫోల్డర్‌లో ఏ డాట్ అవుట్ అనే పేరుతోనే రాస్తుంటాయి, ఒకడు రాసింది ఇంకొకడు నడిపేస్తాడు. లిట్‌లో పర్సెంట్ చిన్న టీ ఒక్కో టెస్టుకి వేరేగా ఉంటుంది, అదే వాడాలి. పర్సెంట్ పెద్ద టీ అంటే ఫోల్డర్, అది పక్క టెస్టులతో పంచుకునేది, అందుకే దాన్ని వాడొద్దంటారు.

ఇందులోనే నాకు భలే నచ్చిన ఒకటుంది, టెక్స్ట్ ఫైల్ బిజీ అనే ఎర్రర్. టెస్ట్ రన్నర్ ఒక్క ప్రాసెస్, లోపల చాలా థ్రెడ్లు. మొదటి థ్రెడ్ ఒక ఎగ్జిక్యూటబుల్‌ని డిస్క్ మీదకి కాపీ చేస్తోంది, ఫైల్ రాయడానికి తెరిచి ఉంది. సరిగ్గా అప్పుడే రెండో థ్రెడ్ వేరే టెస్టు కోసం ఫోర్క్ చేసింది (ప్రాసెస్ కాపీగా పిల్ల ప్రాసెస్‌ని పుట్టించింది), ఆ పిల్ల ప్రాసెస్‌కి తెరిచి ఉన్న ఫైళ్లన్నీ వారసత్వంగా వచ్చేశాయి, మనది కూడా. మొదటి థ్రెడ్ బుద్ధిగా ఫైల్ మూసి దాన్ని నడపబోయింది, కానీ ఆ పిల్ల ప్రాసెస్ ఇంకా ఎగ్జెక్ (కొత్త ప్రోగ్రామ్‌గా మారే చోటు) దాకా రాలేదు, దాని చేతిలో ఆ ఫైల్ ఇంకా రాయడానికి తెరిచే ఉంది, రాయడానికి తెరిచున్న ఫైల్‌ని కెర్నల్ నడపనివ్వదు, ఎర్రర్ నంబర్ 26 ఇచ్చి పొమ్మంటుంది. క్లోజ్ ఆన్ ఎగ్జెక్ (ఎగ్జెక్ కాగానే ఫైల్ మూసెయ్యమనే గుర్తు) పెట్టినా తప్పదు, ఎందుకంటే గొడవంతా ఫోర్క్‌కీ ఎగ్జెక్‌కీ మధ్య ఉన్న ఆ మైక్రోసెకన్లలోనే. మీ సొంత రన్నర్‌లో ఇది వస్తుంటే కాపీని వేరే ప్రాసెస్‌తో చేయించండి, లేదా రాయడానికీ ఫోర్క్‌కీ మధ్య ఒక లాక్ పెట్టండి.

టెస్టులే కాదు, బిల్డ్ కూడా ఇలా పోవచ్చు. మేక్‌ఫైల్‌లో ఒక డిపెండెన్సీ రాయడం మర్చిపోతే జనరేట్ కావాల్సిన హెడర్ ఇంకా సగమే ఉన్నప్పుడు ఇంకో ఫైల్ దాన్ని చదివేస్తుంది. దీన్ని బయటికి లాగడానికి గ్నూ మేక్ 4.4లో, అంటే 2022లో, షఫుల్ అని ఆప్షన్ ఇచ్చారు, పనులని కావాలని అటూ ఇటూ కలిపి నడుపుతుంది, ఫెయిలైతే ఏ సీడ్‌తో (ఆ కలపడానికి వాడిన నంబర్) ఫెయిలైందో కూడా చెబుతుంది, అదే సీడ్ మళ్లీ ఇస్తే అదే వరస మళ్లీ వస్తుంది. లిట్‌లో కూడా టెస్టుల వరసని కలిపేసే ఆప్షన్ ఉంది.

6. అసలు ప్రశ్న: తప్పు కంపైలర్‌దా, కంపైల్ అయిన ప్రోగ్రామ్‌దా

ఇక్కడిదాకా వచ్చాక కూడా ఒంటరిగా, ఖాళీగా ఉన్న మంచి మెషీన్‌లో ఇరవైకి ఒకటి పోతోందంటే ఈ పరీక్ష చెయ్యండి, నా దృష్టిలో మొత్తం మీద దీన్ని మించింది లేదు. ఆ టెస్టు ఫైల్‌ని వందసార్లు కంపైల్ మాత్రమే చెయ్యండి, నడపకండి, ప్రతిసారీ వచ్చిన అసెంబ్లీ ఫైల్‌కి (మెషీన్ కోడ్‌ని మనం చదవగలిగే రూపం) ఎండీ5 (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) తీసి ఒక లిస్టులో వేసి, సార్ట్ చేసి, యూనిక్‌తో ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టండి.

వందకి వందా ఒకటే అయితే కంపైలర్ ఆ ఫైల్ వరకు నిలకడగానే ఉంది, ప్రోగ్రామ్ నడిచేటప్పుడే ఏదో జరుగుతోంది, అంటే టెస్టులో ఇనిషియలైజ్ చెయ్యని వేరియబుల్, థ్రెడ్ల రేస్, రన్‌టైమ్ లైబ్రరీ బగ్. (లేదా కంపైలర్ ఎప్పుడూ ఒకేలా తప్పు కోడ్ ఇస్తోంది, ఆ తప్పు అడ్రస్‌లు కలిసొచ్చినప్పుడే బయటపడుతోంది. ఇదీ జరుగుతుంది, కొట్టిపారెయ్యకండి.) రెండు రకాలో మూడు రకాలో వచ్చాయంటే కంపైలర్ దొరికిపోయింది, ఇక ఆ రెండు అసెంబ్లీ ఫైళ్లకి డిఫ్ కొట్టి తేడా మొదలైన చోటు చూడండి, రిజిస్టర్ (ప్రాసెసర్ లోపల విలువలుంచే అర) మారిందా, బ్లాకుల వరస మారిందా, లేబుల్ నంబర్ మాత్రమే మారిందా.

నేను సరదాకి రాసుకున్న ఒక చిన్న కంపైలర్‌లో ఇలాగే పదిహేనుకి ఒకసారి అవుట్‌పుట్ మారేది. ప్రోగ్రాములన్నీ సరిగ్గానే నడిచేవి, అనుకున్న అసెంబ్లీతో పోల్చే ఒక్క టెస్టు మాత్రం పోయేది. జీడీబీలో పెడితే ఎన్నిసార్లు నడిపినా రాదు, పిచ్చెక్కింది. విషయం ఏంటంటే రిజిస్టర్లు చాలనప్పుడు ఎవర్ని మెమరీలోకి తోసెయ్యాలి అని ఖర్చు చూసి ఎంచుకునే చోట, ఇద్దరి ఖర్చూ సమానమైతే సెట్‌లో మొదట కనపడినవాణ్ని తీసుకుంటున్నా. ఆ సెట్ పాయింటర్ల సెట్. పాయింటర్ అంటే అడ్రస్, అడ్రస్ ప్రతి రన్‌కీ మారుతుంది ఎందుకంటే ఏఎస్ఎల్ఆర్ (రక్షణ కోసం ఓఎస్ అడ్రస్‌లని చెదరగొట్టడం) ఉంది, అడ్రస్ మారితే మొదటివాడు మారతాడు, అంతే సంగతి. జీడీబీలో ఎందుకు రాలేదంటే జీడీబీ తనంతట తనే ఏఎస్ఎల్ఆర్ ఆపేసి నడుపుతుంది. అది తెలియక ఒక పూట పోయింది. తర్వాత ఒక్కో వర్చువల్ రిజిస్టర్‌కి (ఇంకా అసలు రిజిస్టర్ దక్కని విలువకి) పుట్టినప్పుడే ఒక నంబర్ ఇచ్చి, ఖర్చు సమానమైతే చిన్న నంబర్‌వాడు అని ఒక లైన్ రాస్తే పోయింది. కొండని తవ్వి ఎలకని పట్టడం అంటే ఇదే.

అందుకని మీరు చెయ్యాల్సింది: సెట్‌ఆర్చ్ కమాండ్‌కి మైనస్ పెద్ద ఆర్ ఇచ్చి (అది ఏఎస్ఎల్ఆర్ ఆపేస్తుంది) కంపైలర్‌ని దాని కింద వందసార్లు నడపండి. ఫెయిల్ మాయమైపోయినా, లేదా వందకి వందా ఫెయిలైనా, రెండూ మనకి లాభమే, అడ్రస్ మీద ఆధారపడ్డ బగ్ అని తేలింది. జీడీబీలో పట్టుకోవాలంటే అడ్రస్ రాండమైజేషన్ ఆపొద్దు అని దానికి సెట్టింగ్ ఇవ్వాలి. అడ్రస్‌తో సంబంధం లేదు అని తేలితే థ్రెడ్లు, టైమ్ స్టాంపులు, డైరెక్టరీలోంచి ఫైళ్లు వచ్చే వరస, టెంప్ ఫైల్ పేరు అవుట్‌పుట్‌లోకి కారడం, వీటి వైపు తిరగండి.

ఎల్ఎల్‌వీఎమ్‌లో వీటికోసమే ఒక బిల్డ్ ఆప్షన్ ఉంది, రివర్స్ ఇటరేషన్ అని, వరస గ్యారంటీ లేని కంటెయినర్లని వెనక నుంచి తిప్పుతుంది, ఎవరైనా వరసని నమ్ముకుని కోడ్ రాసి ఉంటే అప్పటికప్పుడే, అదీ ప్రతిసారీ ఫెయిల్ అవుతుంది. ఎక్స్‌పెన్సివ్ చెక్స్ ఆన్ చేస్తే వాళ్ల సార్ట్ ఫంక్షన్ సార్ట్ చేసేముందు కావాలనే కలిపేస్తుంది, సమానమైనవి ఎటుపోయినా ఫరవాలేదా అని చూడటానికి. గో భాషలో మ్యాప్ మీద తిరిగే వరసే కావాలని మారుస్తుంటారు, మొదట్లో ఇదేం చోద్యం అనుకున్నా, ఇప్పుడు అదే నయం అనిపిస్తుంది.

ఇనిషియలైజ్ చెయ్యని మెమరీ అనుమానం ఉంటే వాల్‌గ్రిండ్ (మెమరీ తప్పులు పట్టే టూల్) పెట్టే ముందు ఉచితమైన పని ఒకటుంది. జీలిబ్‌సీలో (లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ) మాలోక్ పెర్టర్బ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 165 లాంటి సున్నా కాని నంబర్ ఇస్తే కొత్తగా ఇచ్చే మెమరీనీ ఫ్రీ చేసిన మెమరీనీ చెత్తతో నింపుతుంది, అప్పటిదాకా అదృష్టం కొద్దీ సున్నాలు చదువుకుంటున్న కోడ్ వెంటనే కూలుతుంది. జీసీసీ లోపల పని చేసేవాళ్లయితే దాని గార్బేజ్ కలెక్టర్‌ని (వాడుకలో లేని మెమరీని వెనక్కి తీసుకునేది) కూడా చూడాలి, జీజీసీ మిన్ ఎక్స్‌పాండ్, జీజీసీ మిన్ హీప్‌సైజ్ అన్న రెండు పారామ్‌లకీ సున్నా ఇస్తే వీలైన ప్రతి చోటా కలెక్షన్ నడుస్తుంది. నత్తనడకే, ఒక్క ఫైల్ మీదే పెట్టుకోండి, కానీ ఎవరో రూట్‌గా (ఇది ఇంకా వాడుకలో ఉంది అని) చెప్పడం మర్చిపోయిన పాయింటర్ ఉంటే పారిపోలేదు.

7. సానిటైజర్లు, రికార్డింగ్

సానిటైజర్లంటే ప్రోగ్రామ్ నడుస్తుండగానే మెమరీ, థ్రెడ్ తప్పులు పట్టే తనిఖీలు. కంపైలర్‌నే అడ్రస్ సానిటైజర్‌తో, మెమరీ సానిటైజర్‌తో, థ్రెడ్లుంటే థ్రెడ్ సానిటైజర్‌తో విడివిడిగా బిల్డ్ చేసి ఆ ఒక్క టెస్టూ నడపండి. ఇక్కడ సానిటైజరే దొంగ కావడం కూడా ఉంది: కొన్ని కొత్త కెర్నల్ సెట్టింగులలో ఎంమ్యాప్ రాండమ్ బిట్స్ (అడ్రస్‌లని ఎంత చెదరగొట్టాలో చెప్పేది) 32 ఉంటాయి, పాత థ్రెడ్ సానిటైజర్ అంత దూరం అడ్రస్‌లు ఊహించదు, అప్పుడప్పుడు మొదలవగానే చచ్చిపోతుంది. సిస్‌కంట్రోల్‌తో దాన్ని 28 చేస్తే సర్దుకుంటుంది. లీక్ సానిటైజర్ అయితే పీట్రేస్ కింద, అంటే జీడీబీలో, ఎస్‌ట్రేస్‌లో పనిచెయ్యదు, అది చూసి కొత్త బగ్ అనుకోకండి.

థ్రెడ్ల మీద పోయేదైతే ఆర్ఆర్ అనే టూల్ ఉంది, రన్ మొత్తం రికార్డ్ చేస్తుంది, కేయాస్ మోడ్ పెడితే థ్రెడ్ల షెడ్యూలింగ్‌ని కావాలని తికమక పెడుతుంది. ఫెయిలయ్యేదాకా లూప్‌లో రికార్డ్ చేసి, ఒక్కటి దొరికాక దాన్ని వెనక్కీ ముందుకీ ఎన్నిసార్లైనా చూడొచ్చు, ఈసారి రాదేమో అన్న బెంగ ఉండదు. ప్రాసెసర్ కౌంటర్లు కావాలి కాబట్టి కొన్ని వర్చువల్ మెషీన్లలో నడవదు.

8. బైసెక్ట్ చేస్తే ఓపిగ్గా చెయ్యండి

ఎప్పట్నించో లేని ఫెయిల్ కొత్తగా వచ్చిందంటే గిట్ బైసెక్ట్ రన్ పెట్టొచ్చు, కమిట్లని సగానికి సగం చేసుకుంటూ చెడు ఎక్కడ మొదలైందో వెతుకుతుంది. స్క్రిప్ట్ 0 ఇస్తే మంచి కమిట్, 1 ఇస్తే చెడ్డది, 125 ఇస్తే వదిలెయ్యమని. బిల్డ్ కాకపోతే తప్పకుండా 125 ఇవ్వండి, 1 కాదు.

చిక్కంతా ఎక్కడంటే, చెడ్డ కమిట్‌ని ఒకసారి పొరపాటున మంచిది అన్నారో ఇక బైసెక్ట్ వేరే దారిలో పోయి ఏ పాపం ఎరగని కమిట్ మీద వేలు పెట్టి చూపిస్తుంది. ఇరవైకి ఒకటి పోయే టెస్టుని అరవై సార్లు నడిపితే ఒక్కో మెట్టులో తప్పు 5 శాతం లోపే కదా అనిపిస్తుంది, కానీ దారిలో చెడ్డ కమిట్లు అయిదు తగిలితే ఎక్కడో ఒకచోట తప్పే అవకాశం 20 శాతం దాకా పోతుంది. నూట ఇరవై సార్లు నడపండి, అప్పుడు మొత్తం మీద ఒక శాతం దగ్గర ఆగుతుంది. మొదటి ఫెయిల్ రాగానే లూప్ ఆపి 1 ఇచ్చెయ్యండి, టైమ్ కలిసొస్తుంది.

9. దొరికేదాకా ఆ టెస్టుని ఏం చెయ్యాలి

ఎక్స్‌ఫెయిల్ (ఫెయిల్ అవుతుందని ముందే తెలిసినది) అని గుర్తు పెట్టకండి, చాలామంది చేసే తప్పు ఇది. లిట్‌లో ఎక్స్‌ఫెయిల్ అన్నది పాసైతే అదీ ఫెయిల్ కిందే లెక్క, అంటే ఇరవైకి ఒకసారి ఏడ్చేది కాస్తా ఇరవైకి పంతొమ్మిదిసార్లు ఏడుస్తుంది. కొన్నాళ్లు ఆపాలంటే అన్‌సపోర్టెడ్ అని పెట్టి పక్కన కామెంట్‌లో బగ్ నంబర్ రాయండి. అలౌ రీట్రైస్ అన్న డైరెక్టివ్ కూడా ఉంది, మళ్లీ ప్రయత్నించి పాసైతే ఫ్లేకీ పాస్ అని విడిగా చూపిస్తుంది, కనీసం ఎన్ని ఉన్నాయో కనపడుతుంది కాబట్టి అది కొంత నయం. అయితే అసెంబ్లీ మారుతోందని ఆరో మెట్టులో తేలిన టెస్టుకి మాత్రం రీట్రై పెట్టొద్దు, అది టెస్టు గొడవ కాదు.

బగ్ రిపోర్ట్‌లో అప్పుడప్పుడు ఫెయిల్ అవుతోంది అని ఒక్క ముక్క రాసి పంపితే ఎవరూ తెరవరు. ఫలానా కమిట్, ఫలానా కమాండ్, జే 1లో 200కి 0, జే 16లో 200కి 11, ఏఎస్ఎల్ఆర్ ఆపితే 200కి 0, వందసార్లు కంపైల్ చేస్తే రెండు రకాల అసెంబ్లీ, ఇదిగో రెండింటి డిఫ్ అని రాయండి. బాగుచేశాక కూడా అదే జే 16లో, అదే లోడ్ మీద, ముందు రాసుకున్న రేటుకి మూడింతలు, అంటే ఇక్కడ అరవై సార్లు నడిపి ఆ సున్నాని కూడా కింద చేర్చి అప్పుడు బగ్ మూసెయ్యండి.